నాడీకణానికి శక్తినిచ్చేది గ్లూకోజా, పొరుగు కణం అందించే లాక్టేటా?

జీవరసాయన విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను జీవరసాయన శాస్త్రంలో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మెదడు కణాలు శక్తిని ఎలా పంచుకుంటాయి, ఆ శక్తి నాడీ ప్రసారానికి ఎలా ఉపయోగపడుతుంది అన్న అంశం మీద సెమినార్ ఇవ్వవలసి ఉంది. మూడు వారాలుగా చదువుతున్నాను కాని, చదివిన కొద్దీ ఒకే చోట చిక్కుకుంటున్నాను.

శరీర బరువులో సుమారు 2 శాతమే ఉన్న మెదడు, మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతాన్ని తీసుకుంటుందన్నది అందరూ ఒప్పుకునే విషయమే. ఆ తరువాతే పుస్తకాలు రెండు దారులు పడుతున్నాయి. ఒక పుస్తకం ప్రకారం నాడీకణం తన పొరలో ఉన్న గ్లూట్-3 అనే వాహక ప్రోటీన్ ద్వారా గ్లూకోజ్‌ను నేరుగా తీసుకొని, కణపు శక్తికేంద్రమైన మైటోకాండ్రియాలో పూర్తిగా దహించి, కణం తన పనులకు ఖర్చు చేసే శక్తి అణువైన ఏటీపీని తయారు చేసుకుంటుంది. ఇంకొక పుస్తకం ప్రకారం గ్లూకోజ్‌ను ముందుగా నాడీకణం పక్కనే ఉండి దానికి తోడ్పడే ఆస్ట్రోసైట్ అనే కణం తీసుకొని, దాన్ని సగం దారిలో లాక్టేట్‌గా మార్చి నాడీకణానికి అందిస్తుంది. నాడీకణం ఆ లాక్టేట్‌ను దహిస్తుంది. నాడీకణానికి గ్లూకోజ్ కోసం సొంత ద్వారం ఉన్నప్పుడు పొరుగు కణం మీద ఆధారపడవలసిన అవసరం ఏమిటి? ఆక్సిజన్ అందుబాటులో ఉండగానే ఆస్ట్రోసైట్ ఒక గ్లూకోజ్ అణువు నుంచి రాగల ముప్పై దాకా ఏటీపీలను వదులుకొని రెండింటితో ఎందుకు తృప్తి పడుతుంది?

వీటికంటే ముందు తేలవలసిన సందేహం ఇంకొకటి కూడా ఉంది. ఒక నాడీకణం నుంచి మరొకదానికి సంకేతాన్ని మోసే రసాయనాన్ని, అంటే నాడీ ప్రసారకాన్ని, విడుదల చేయడమే ఎక్కువ ఖర్చుతో కూడిన పని అని నేను ఇంతకాలం అనుకున్నాను. అది నిజమేనా? తెలిసినవారు ఓపికగా వివరిస్తే ఎంతో ఉపకారం చేసినవారవుతారు.

శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, మీ చివరి సందేహాన్నే నేను ముందుగా తీసుకుంటాను. ఖర్చు ఎక్కడ, ఏ క్షణంలో జరుగుతుందో తేల్చుకోకుండా దాన్ని ఎవరు భరిస్తున్నారన్న వాదంలోకి దిగడం వల్లనే ఈ విషయంలో చాలామంది చిక్కుకుపోతున్నారు.

నాడీకణం పంపే సంకేతం స్వతహాగా ఖరీదైనది కాదు. నీరు పల్లమెరుగు అన్నట్టుగా, కణం వెలుపల ఎక్కువ గాఢతలో ఉన్న సోడియం అయాన్లు ద్వారం తెరుచుకోగానే తమంత తామే లోపలికి దూసుకువస్తాయి. ఆ ప్రవాహమే సంకేతం. అసలు ఖర్చు ఆ తరువాత మొదలవుతుంది. లోపలికి వచ్చిన సోడియాన్ని మళ్లీ బయటికి ఎత్తిపోయకపోతే పల్లమూ మెరకా సమానమైపోయి, కొద్దిసేపట్లోనే కణం సంకేతాలు పంపే సామర్థ్యాన్ని కోల్పోతుంది. ఈ ఎత్తిపోత పని చేసేది సోడియం-పొటాషియం పంపు. ఒక ఏటీపీ అణువును ఖర్చు చేసి మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో పీత నాడుల మీద పనిచేస్తూ ఈ ఎంజైమ్‌ను వెల్లడించారు. నలభై ఏళ్ల తరువాత, 1997లో, ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మెదడు శక్తి గురించి ఏ చర్చ చేసినా ఈ పంపు దగ్గరికే తిరిగి రావలసి ఉంటుంది కనుక, మీ సెమినార్‌లో దీనికి కొంత సమయం కేటాయించండి.

ఇక సంఖ్యల విషయం. డేవిడ్ ఆట్‌వెల్, సైమన్ లాఫ్లిన్ 2001లో ఎలుకజాతి జీవుల మెదడు బూడిద పదార్థానికి (నాడీకణదేహాలు ఎక్కువగా ఉండే భాగానికి) ఒక శక్తి లెక్కను ప్రచురించారు. ఎన్ని అయాన్లు లోపలికి వస్తాయో లెక్కించి, వాటిని తిరిగి పంపడానికి ఎన్ని ఏటీపీలు కావాలో అంచనా కట్టడం వారి పద్ధతి. ఆ లెక్క ప్రకారం గ్లూటమేట్ అనే ప్రసారకంతో నిండిన ఒక్క ఆశయం (కణం లోపలి చిన్న సంచి) విడుదలైతే, దాని మొత్తం పర్యవసానానికి అయ్యే ఖర్చు 1,60,000 ఏటీపీ అణువులకు పైమాటే. అందులో సుమారు 1,40,000 అణువులు ఖర్చయ్యేది సంకేతాన్ని పంపిన కణంలో కాదు, అందుకున్న కణంలో. గ్లూటమేట్ వచ్చి తాకగానే అవతలి కణపు గ్రాహకాలు తెరుచుకుంటాయి. వాటి గుండా లోపలికి వచ్చిన సోడియం, కాల్షియం అయాన్లను బయటికి పంపడానికే ఆ శక్తి అంతా పోతుంది. కాబట్టి విడుదల చేయడమే పెద్ద ఖర్చు అన్న మీ అభిప్రాయాన్ని సరిదిద్దుకోవాలి. మాట్లాడటం కంటే వినడానికే ఎక్కువ శక్తి పడుతోందన్నమాట.

ఆ 2001 లెక్కలో ఒక భాగం తరువాత మారింది. నాడీ ప్రచోదనం, అంటే ఆక్సాన్ (నాడీకణపు పొడవాటి తీగ) వెంట సాగే విద్యుత్ సంకేతం, మొత్తం ఖర్చులో దాదాపు సగం తీసుకుంటుందని అప్పట్లో భావించారు. స్క్విడ్ అనే సముద్రజీవి పెద్ద ఆక్సాన్‌లో సోడియం ప్రవాహం, పొటాషియం ప్రవాహం ఒకదాని మీద ఒకటి పడి, కనీసం అవసరమైన దానికి నాలుగు రెట్లు సోడియం లోపలికి వస్తుంది. ఆ గుణకాన్నే క్షీరదాలకు కూడా వాడారు. 2009లో ఎలుక మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలోని ఆక్సాన్ల మీద నేరుగా కొలిచి చూసినప్పుడు అది 1.3 రెట్లు మాత్రమేనని తేలింది. క్షీరదాల ఆక్సాన్లు అంత పొదుపుగా పనిచేస్తాయని తెలిశాక, 2012 నాటి సవరించిన అంచనాల్లో సంకేతాలకు సంబంధించిన ఖర్చులో సుమారు సగం అందుకునే కణపు గ్రాహకాలకు, ప్రచోదనాలకు ఐదో వంతు, విరామ స్థితిని నిలబెట్టడానికి మరో ఐదో వంతు, మిగిలిన పదో వంతు లోపు ప్రసారకం విడుదలకు, దాని పునర్వినియోగానికి అని లెక్క తేలింది. ఒక శాస్త్రవేత్త సొంత లెక్కను సొంతంగానే సవరించుకోవడం నాకు ఎప్పుడూ గౌరవం కలిగించే విషయం. ఆట్‌వెల్ బృందమే ఈ సవరణలో పాలుపంచుకుంది.

సినాప్స్ పరిశోధకురాలు

అధ్యాపకులు చెప్పిన లెక్కతో నాకు పేచీ లేదు. అయితే, ఆ పదో వంతు అన్న మాట విన్నవారు సినాప్స్ దగ్గర, అంటే రెండు నాడీకణాలు కలిసే చోట, సంకేతం పంపే ఆక్సాన్ కొసను గురించి ఆలోచించడం మానేస్తారేమో అన్న భయంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను రోజూ పనిచేసేది ఆ కొస మీదనే.

మొత్తం ఖర్చులో వాటా చిన్నదే కావచ్చు, కాని ఆ కొస ఉన్న చోటు ఎటువంటిదో గమనించండి. అది కణదేహానికి చాలా దూరంగా, ఒక్కోసారి అనేక సెంటీమీటర్ల అవతల, సుమారు ఒక మైక్రోమీటరు వెడల్పుతో ఉంటుంది. అంత చిన్న చోట నిల్వ ఉండే ఏటీపీ సుమారు పది లక్షల అణువులు. వినడానికి పెద్ద సంఖ్యే అయినా, పని ఉద్ధృతంగా సాగుతున్నప్పుడు అది ఎంతో సేపు నిలవదు. కణదేహంలో తయారైన ఏటీపీ అంత దూరం పాకి వచ్చేలోగా ఇక్కడి అవసరం దాటిపోతుంది. అందుచేత ఆ కొస తన ఏటీపీని అక్కడికక్కడే, పని జరుగుతున్న క్షణంలోనే తయారు చేసుకోక తప్పదు.

టిమొతీ ర్యాన్ ప్రయోగశాల నుంచి 2014లో వచ్చిన పరిశోధన దీన్ని చక్కగా చూపించింది. ఏటీపీని బట్టి కాంతినిచ్చే ప్రోటీన్‌ను ఆ కొసల్లో అమర్చి, ప్రచోదనాలు పంపుతూ కొలిచారు. మామూలు పరిస్థితిలో ఏటీపీ మట్టం దాదాపు కదలలేదు. ఖర్చు ఎంత పెరిగితే ఉత్పత్తి అంత పెరిగింది. ఉత్పత్తిని ఆపివేసినప్పుడు మాత్రం మట్టం త్వరగా పడిపోయి, ఆశయాల చక్రం ఆగిపోయింది. విశేషమేమిటంటే, ముందుగా దెబ్బతిన్నది విడుదల కాదు. విడుదలయ్యాక పొరలో కలిసిపోయిన ఆశయాన్ని తిరిగి లోపలికి తీసుకునే దశ దెబ్బతిన్నది. ప్రసారకాన్ని పంపడం కొంతసేపు సాగుతుంది, కాని ఖాళీ అయిన ఆశయాలు తిరిగి రాక, చివరికి పంపడానికి ఏమీ మిగలదు.

అదే ప్రయోగశాల 2021లో మరొక విషయాన్ని బయటపెట్టింది. ఆశయాల లోపల ప్రసారకాన్ని గాఢంగా నింపి ఉంచడానికి ప్రోటాన్ పంపు ఒకటి పనిచేస్తుంది. ఆశయపు పొర నుంచి ప్రోటాన్లు కొద్ది కొద్దిగా కారిపోతూ ఉంటాయి కనుక, కొస ఏ సంకేతమూ పంపకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా ఆ పంపు ఆగకుండా నడుస్తూనే ఉండాలి. ప్రతి కొసలోనూ వందల ఆశయాలు ఉంటాయి. సంకేతాలు లేని వేళ కూడా మెదడు ఇంత శక్తిని ఎందుకు వాడుతుందన్న పాత ప్రశ్నకు ఇది కొంత సమాధానం. సిద్ధంగా ఉండటానికి కూడా ఖర్చవుతుందని నేను మా జూనియర్లకు పదే పదే చెబుతుంటాను.

మైటోకాండ్రియా గురించి కూడా ఒక మాట చెప్పాలి. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసేటప్పుడు ప్రతి కొసలోనూ ఒక మైటోకాండ్రియాను పెడతారు. నిజానికి మెదడు వల్కలంలోనూ (మెదడు పైపొరలోనూ) హిప్పోకాంపస్‌లోనూ సుమారు సగం కొసల్లో అది ఉండదు. అవి పక్క కొసల నుంచి వ్యాపించే ఏటీపీతోనూ, తమలో జరిగే గ్లైకోలిసిస్‌తోనూ (ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజ్‌ను విడగొట్టి కొంత ఏటీపీ రాబట్టే ప్రక్రియతోనూ) నెట్టుకురావాలి. పని పెరిగినప్పుడు గ్లూట్-4 అనే వాహకం కొస ఉపరితలానికి చేరుకొని అదనపు గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటుందని 2017లో తేలింది. కండరాలలో ఇన్సులిన్ ప్రభావంతో పైకి వచ్చే వాహకం ఇదే. కనుక నాడీకణానికి గ్లైకోలిసిస్ చేతకాదన్న మాటను యథాతథంగా నమ్మకండి.

జీవరసాయన విద్యార్థిని

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. అందుకునే కణంలోనే ఖర్చు ఎక్కువ అన్న విషయం నాకు నిజంగా కొత్త. సెమినార్ క్రమాన్ని మొత్తం మార్చుకోవలసి వస్తోంది. కాని అసలు ముడి ఇంకా విడలేదు. కొస తనంత తానే గ్లూకోజ్ తీసుకొని వాడుకోగలిగితే, ఆస్ట్రోసైట్ నుంచి లాక్టేట్ వస్తుందన్న సిద్ధాంతం తప్పని చెప్పవలసినదేనా? మా పాఠ్యాంశంలో అది స్థిరపడిన సత్యంగా రాసి ఉంది.

శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు

తప్పని నేను అనను. స్థిరపడిన సత్యమని కూడా అనను. ఆ ఆలోచన ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని బలమూ, పరిమితీ రెండూ కనబడతాయి.

1988లో పీటర్ ఫాక్స్, మార్కస్ రైకల్ తమ సహచరులతో కలిసి మనుషుల మీద చేసిన కొలతల్లో ఒక విచిత్రం బయటపడింది. కళ్లకు దృశ్యాన్ని చూపినప్పుడు దృష్టి వల్కలంలో రక్తప్రసరణ 50 శాతం, గ్లూకోజ్ వినియోగం 51 శాతం పెరిగాయి; ఆక్సిజన్ వినియోగం మాత్రం 5 శాతమే పెరిగింది. గ్లూకోజ్ పూర్తిగా దహనమైతే ఆక్సిజన్ కూడా దానికి తగినట్లు పెరగాలి కదా. తీసుకున్న అదనపు గ్లూకోజ్‌లో చాలా భాగం ఆక్సిజన్‌తో కలవకుండానే ఎక్కడో ఆగుతోందని దీని అర్థం. మెదడును చిత్రించే ఎఫ్ఎంఆర్ఐ పద్ధతికి కూడా ఈ అసమానతే ఆధారం. వచ్చిన ఆక్సిజన్ అంతా ఖర్చు కానందునే ఆ ప్రాంతపు రక్తంలో ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ వాటా పెరిగి, సంకేతం కనిపిస్తుంది.

ఈ నేపథ్యంలో లూక్ పెల్లరాన్, పియర్ మాజిస్ట్రెట్టి 1994లో తమ ప్రయోగాన్ని ప్రచురించారు. సంవర్ధనంలో (ప్రయోగశాల పాత్రల్లో) పెంచిన ఆస్ట్రోసైట్లకు గ్లూటమేట్ అందించగానే అవి గ్లూకోజ్‌ను ఎక్కువగా తీసుకొని లాక్టేట్‌ను బయటికి వదిలాయి. దీని వెనుక ఉన్న యంత్రాంగం చాలా సొగసైనది, అందుకే నేను దీన్ని బోధించకుండా ఉండలేను. సినాప్స్‌లో విడుదలైన గ్లూటమేట్‌ను వెంటనే తొలగించకపోతే సంకేతం చెదిరిపోవడమే కాక, కణాలకు విషం కూడా అవుతుంది. ఆ తొలగింపు పనిలో సింహభాగం ఆస్ట్రోసైట్లదే. ఒక గ్లూటమేట్ అణువుతో పాటు మూడు సోడియం అయాన్లు ఆస్ట్రోసైట్‌లోకి వస్తాయి. వాటిని బయటికి పంపడానికి పంపు ఒక ఏటీపీ తీసుకుంటుంది. లోపలికి వచ్చిన గ్లూటమేట్‌ను గ్లూటమిన్ సింథటేజ్ అనే ఎంజైమ్ మరొక ఏటీపీ ఖర్చు చేసి గ్లూటమిన్‌గా మారుస్తుంది. గ్లూటమిన్ ఏ గ్రాహకాన్నీ రెచ్చగొట్టదు కనుక నిరపాయంగా నాడీకణానికి తిరిగి వెళ్లి, అక్కడ మళ్లీ గ్లూటమేట్ అవుతుంది. మొత్తం ఖర్చు రెండు ఏటీపీలు. ఒక గ్లూకోజ్ గ్లైకోలిసిస్‌లో లాక్టేట్ దాకా వస్తే లభించేవి కూడా సరిగ్గా రెండు ఏటీపీలే. మిగిలిన రెండు లాక్టేట్ అణువులను నాడీకణం తీసుకొని తన మైటోకాండ్రియాలో దహిస్తే, వాటిలో దాగిన పెద్ద శక్తి ఎక్కువ ఖర్చున్న కణానికే చేరుతుంది. ఆస్ట్రోసైట్ రెండింటితో ఎందుకు తృప్తి పడుతుందన్న మీ ప్రశ్నకు ఈ సిద్ధాంతం ఇచ్చే సమాధానం ఇదే. దాని అవసరం వేగంగా వచ్చేది, కాని చిన్నది. మిగిలినది వృథా పోవడం లేదు.

ఈ ఊహకు అనుకూలంగా ప్రోటీన్ల అమరిక కూడా ఉంది. లాక్టేట్‌ను దాటించే వాహకాలలో ఎంసీటీ-1, ఎంసీటీ-4 ఆస్ట్రోసైట్లలో ఉంటాయి. తక్కువ గాఢతలో ఉన్న లాక్టేట్‌ను కూడా పట్టుకోగల ఎంసీటీ-2 నాడీకణాల్లో ఉంటుంది. గ్లైకోలిసిస్‌ను ఉరకలెత్తించే పీఎఫ్‌కేఎఫ్‌బీ-3 అనే ఎంజైమ్‌ను నాడీకణం ఎప్పటికప్పుడు నాశనం చేసుకుంటుందని 2009లో స్పెయిన్‌లోని హువాన్ బొలాన్యోస్ బృందం చూపించింది. బలవంతంగా ఆ ఎంజైమ్‌ను పెంచినప్పుడు నాడీకణాలు దెబ్బతిన్నాయి. గ్లూకోజ్‌ను గ్లైకోలిసిస్‌కే మళ్లించడంతో, ఆక్సీకరణ హాని నుంచి కాపాడే గ్లూటాథయోన్‌ను సజీవంగా ఉంచడానికి కావలసిన పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గం (గ్లూకోజ్‌ను వాడే మరో దారి) ఎండిపోవడమే కారణం. అంటే నాడీకణానికి గ్లూకోజ్ అవసరమే, అయితే ఏటీపీ కోసం మాత్రమే కాదు. ఈ ఒక్క విషయాన్ని మీరు మనసులో పెట్టుకుంటే రెండు పుస్తకాల మధ్య ఉన్న వైరం సగం తగ్గుతుంది.

సినాప్స్ పరిశోధకురాలు

ఆ రెండుకు రెండు లెక్క సొగసుగా ఉండటమే నాకు అనుమానం కలిగించే విషయం. ఆస్ట్రోసైట్ లోపలికి తీసుకున్న గ్లూటమేట్ అంతా గ్లూటమిన్‌గా మారదు. కొంత భాగాన్ని అది తన మైటోకాండ్రియాలోనే దహించి ఏటీపీ సంపాదిస్తుంది. ఆస్ట్రోసైట్లకు మైటోకాండ్రియా లేకపోలేదు, సినాప్స్‌లను చుట్టిన సన్నని శాఖల దాకా అవి విస్తరించి ఉంటాయి. అంటే ఖర్చును గ్లైకోలిసిస్ ఒక్కటే భరించాలన్న నిర్బంధం ఎక్కడా లేదు.

నేరుగా కొలిచిన ఫలితాలు కూడా ఒకే వైపు చూపడం లేదు. ఎలుకల్లో జరిగిన ఒక 2016 అధ్యయనం, లాక్టేట్ గాఢత ఆస్ట్రోసైట్లలో ఎక్కువగానూ నాడీకణాల్లో తక్కువగానూ ఉందని, అంటే మొదటిదాని నుంచి రెండోదానికి ప్రవహించగల పల్లం బ్రతికున్న మెదడులో నిజంగానే ఉందని చూపింది. మరుసటి ఏడాదే, 2017లో, గ్యారీ యెల్లెన్ బృందం హిప్పోకాంపస్ నాడీకణాలను ఉత్తేజపరిచి చూస్తే, ఆ కణాల్లోనే గ్లైకోలిసిస్ ఊపందుకుంది. లాక్టేట్ వాహకాలను మందుతో అడ్డుకున్నా ఆ ఊపు తగ్గలేదు. రెండూ జాగ్రత్తగా చేసిన పనులే. నాడీకణం లాక్టేట్ తీసుకోగలదనడానికి మొదటిది సాక్ష్యం, ఉత్తేజం పొందిన తొలి ఘడియలో అది పొరుగు కోసం ఎదురుచూడదనడానికి రెండోది సాక్ష్యం.

నా దృష్టిలో ఈ చిక్కును విడదీసేది 2004లో కార్ల్ కాసిష్కే, ఆయన సహచరులు ప్రచురించిన చిత్రణ. మెదడు ముక్కల్లో సహజంగా మెరిసే, శక్తి ఉత్పత్తిలో పాల్గొనే ఎన్ఏడీహెచ్ అనే అణువు కాంతిని సూక్ష్మంగా పరిశీలించి, ఏ కణం ఎప్పుడు ఏ మార్గాన్ని వాడుతోందో వారు కాలక్రమంలో విడదీశారు. ఉత్తేజం మొదలవగానే నాడీకణాల డెండ్రైట్లలో (సంకేతాలు అందుకునే కొమ్మల్లో) ఆక్సీకరణ పెరిగింది. ఆస్ట్రోసైట్లలో గ్లైకోలిసిస్ పెరగడం ఆ తరువాత, కొన్ని సెకన్లు ఆలస్యంగా కనిపించింది. నాడీకణం తొలి అవసరాన్ని చేతిలో ఉన్న నిల్వతో తీర్చుకుంటుంది. ఫాస్ఫోక్రియాటిన్ అనే తక్షణ నిల్వ, కణం చుట్టూ ముందే ఉన్న కాస్త లాక్టేట్, సొంత గ్లూకోజ్ అన్నీ అందులోవే. ఆస్ట్రోసైట్ నుంచి వచ్చేది వెనకనుంచి వచ్చి ఆ తగ్గిన నిల్వను నింపుతుంది. గ్లూకోజా లాక్టేటా అని అడిగితే ఎవరూ నిజాయితీగా ఒక్క మాటలో సమాధానం చెప్పలేరు. ఏ సెకనులో, కణంలోని ఏ మూలలో అని అడిగితే చెప్పగలరు.

ఇంధన పాత్రను మించిన అంశం ఒకటి ఉంది, దాన్ని వదిలేయకండి. మెదడులో గ్లైకోజన్ (గ్లూకోజ్ నిల్వ రూపం) దాదాపు పూర్తిగా ఆస్ట్రోసైట్లలోనే నిల్వ ఉంటుంది. కాలేయంతో పోలిస్తే అది అతి స్వల్పం. గ్లూకోజ్ సరఫరా లేకుండా దాని మీదే మెదడు నడవాలంటే కొన్ని నిమిషాలు కూడా కష్టం. అయినా క్రిస్టినా అల్బెరీని ప్రయోగశాల 2011లో చూపినది ఆశ్చర్యం కలిగిస్తుంది. నేర్చుకునే సమయంలో ఎలుకల హిప్పోకాంపస్‌లో గ్లైకోజన్ విచ్ఛిన్నాన్ని అడ్డుకుంటే, ఆ క్షణపు జ్ఞాపకం బాగానే ఉంది, దీర్ఘకాల జ్ఞాపకం మాత్రం ఏర్పడలేదు. బయటినుంచి లాక్టేట్ అందిస్తే జ్ఞాపకం నిలిచింది. ఆస్ట్రోసైట్ల వాహకాలను తగ్గించినప్పుడు కూడా లాక్టేట్ ఆదుకుంది. నాడీకణపు ఎంసీటీ-2ను తగ్గించినప్పుడు మాత్రం లాక్టేట్ ఇచ్చినా, గ్లూకోజ్ ఇచ్చినా ఫలితం లేదు. తయారైనది బయటికి రావడమే కాక, అవతలి కణంలోకి వెళ్లి తీరాలని ఈ వరుస ఎంతో స్పష్టంగా చెబుతోంది. నేను మొదట్లో లాక్టేట్ సిద్ధాంతాన్ని పూర్తిగా కొట్టిపారేసేదాన్ని. నా అభిప్రాయాన్ని మార్చినది ఈ ప్రయోగమే.

నాడీవైద్యుడు

చర్చ అంతా బూడిద పదార్థం చుట్టూ తిరుగుతోంది కనుక, ఆక్సాన్ల కట్టలతో నిండిన తెల్ల పదార్థం గురించి కొంచెం చెప్పడానికి అనుమతించండి. శక్తిని పంచుకోవడానికి సంబంధించి నా దృష్టిలో బలమైన సాక్ష్యం అక్కడే ఉంది.

పొడవాటి ఆక్సాన్లను ఆలిగోడెండ్రోసైట్ అనే కణం మైలిన్ పొరతో చుట్టి ఉంచుతుంది. దీనివల్ల సంకేతం వేగంగా సాగుతుంది, కాని ఆక్సాన్ ఉపరితలంలో అధిక భాగం బయటి ద్రవానికి దూరమైపోతుంది. గ్లూకోజ్ నేరుగా అందుకునే చోటే కరువవుతుందన్నమాట. 2012లో రెండు బృందాలు వేరువేరుగా ఒకే దిశలో ఫలితాలు ప్రకటించాయి. క్లాస్ ఆర్మిన్ నావే బృందం ఎలుకల్లో ఆలిగోడెండ్రోసైట్ల మైటోకాండ్రియా శ్వాసక్రియను పనిచేయకుండా చేసినా, ఆ కణాలు గ్లైకోలిసిస్‌తోనే బ్రతికాయి, మైలిన్ చెడలేదు. జెఫ్రీ రాత్‌స్టైన్ బృందం అదే కణాల్లోని ఎంసీటీ-1 వాహకాన్ని తగ్గించినప్పుడు, మైలిన్ బాగానే ఉన్నా లోపలి ఆక్సాన్లు క్షీణించాయి. అంటే చుట్టుకున్న కణం లోపలి ఆక్సాన్‌కు లాక్టేట్ అందించకపోతే ఆక్సాన్ నిలవదు. చలన నాడీకణాలు క్రమంగా నశించే ఏఎల్ఎస్ వ్యాధిలో, రోగుల్లోనూ ఎలుక నమూనాల్లోనూ ఈ వాహకం తగ్గి ఉందని అదే పరిశోధనలో కనిపించింది. ఆ వ్యాధి రోగులను చూసే వైద్యుడిగా ఈ వాక్యం రాస్తుంటే నాకు మనసు బరువెక్కుతుంది. నాడీకణం ఒంటరిగా చనిపోదు, దాన్ని పోషించే పొరుగు ముందే బలహీనపడి ఉండవచ్చు.

ఆక్సాన్ తన అవసరాన్ని పోషక కణానికి తెలియజేసే మార్గం కూడా ఉంది. ప్రచోదనాలు సాగేటప్పుడు ఆక్సాన్ నుంచి విడుదలయ్యే గ్లూటమేట్ ఆలిగోడెండ్రోసైట్ మీద ఉన్న ఎన్ఎండీఏ గ్రాహకాలను తాకుతుంది. దాంతో ఆ కణం తన గ్లూట్-1 వాహకాలను ఉపరితలానికి పంపి ఎక్కువ గ్లూకోజ్ తీసుకుంటుంది. ఇది 2016లో తెలిసింది.

లాక్టేట్‌ను మనిషి మెదడు ఇంధనంగా వాడుకుంటుందా అన్నదాని మీద వైద్యంలో సందేహం లేదు. తీవ్రమైన వ్యాయామంలో రక్తంలో లాక్టేట్ పెరిగినప్పుడు మెదడు దాన్ని తీసుకుంటుంది. రక్తంలో చక్కెర పడిపోయిన స్థితిలో లాక్టేట్ ఎక్కిస్తే, మెదడు పనితీరు మందగించడం తగ్గుతుందని కూడా చూశారు. దీర్ఘకాల ఉపవాసంలో మెదడు కీటోన్ల (కొవ్వు నుంచి తయారయ్యే ఇంధనం) మీద నడుస్తుందని జార్జ్ కాహిల్ బృందం 1967లోనే నిరూపించింది. పుట్టుకతో గ్లూట్-1 లోపం ఉన్న పిల్లల్లో రక్తంలో చక్కెర సరిగానే ఉన్నా వెన్నుద్రవంలో తక్కువగా ఉండి, మూర్ఛలు వస్తాయి. కొవ్వు అధికంగా ఉండే కీటోజెనిక్ ఆహారంతో చాలామందిలో మూర్ఛలు అదుపులోకి వస్తాయి. రక్తనాళపు గోడలో గ్లూకోజ్ ద్వారం మూసుకుపోయినా, లాక్టేట్‌నూ కీటోన్లనూ దాటించే ఎంసీటీ-1 ద్వారం తెరిచే ఉండటం దీనికి కారణం.

జీవరసాయన విద్యార్థిని

ఇంత వివరంగా రాసినందుకు మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మీరంతా రాసినది చదివాక ఒక్క ప్రశ్న మిగిలింది. ఒక్క ఆశయం విడుదలకు లక్షన్నరకు పైగా ఏటీపీలు ఖర్చవుతాయంటే, మెదడు ఆ ఖర్చును తగ్గించుకునే ప్రయత్నం ఏదైనా చేస్తుందా?

శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు

చేస్తుంది, అది కూడా మనం లోపమని భావించే చోట. మెదడు వల్కలంలో ప్రచోదనం కొసకు చేరిన ప్రతిసారీ ఆశయం విడుదల కాదు. చాలా సినాప్స్‌లలో సగానికంటే తక్కువసార్లే అవుతుంది. చూడటానికి ఇది నమ్మకం లేని యంత్రంలా కనిపిస్తుంది. కాని ఒక నాడీకణానికి వేల సినాప్స్‌ల నుంచి సంకేతాలు వస్తున్నప్పుడు, వాటిలో చాలావరకు ఒకే సమాచారాన్ని మళ్లీ మళ్లీ మోస్తుంటాయి. అందుకునే కణం బయటికి పంపగలిగే సమాచారానికి ఎలాగూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దును మించి ప్రతి సంకేతాన్నీ నిక్కచ్చిగా అందించడానికి ఏటీపీలు పోయడం వ్యర్థం. విలియం లీవీ, రాబర్ట్ బాక్స్‌టర్ 2002లో ఈ వాదనను గణితంతో నిరూపించి, శక్తికి తగిన సమాచారం గరిష్ఠంగా దక్కాలంటే విడుదల తప్పిపోవడం ఉండితీరాలని చూపించారు.

సెమినార్ గురించి ఒక సూచన. బాణం గుర్తులతో ఆస్ట్రోసైట్ నుంచి నాడీకణానికి లాక్టేట్ వెళ్లే మామూలు బొమ్మను మొదటే చూపవద్దు. అడ్డంగా కాలాన్ని గీయండి. మిల్లీసెకన్ల దగ్గర అయాన్ల ప్రవాహం, వెంటనే పంపు, తొలి సెకన్లలో నాడీకణపు సొంత నిల్వలు, ఆ తరువాత ఆస్ట్రోసైట్ గ్లైకోలిసిస్, దానితోపాటు పెరిగే రక్తప్రసరణ. పరిశోధకురాలు గారు చెప్పిన రెండు ప్రయోగాలనూ ఆ గీత మీద వాటి వాటి చోట్ల గుర్తిస్తే, ఎవరైనా అవి పరస్పరం విరుద్ధం కదా అని అడిగినప్పుడు మీరు ఆ పటం వైపు చూపితే సరిపోతుంది.